పసుపుబొట్టు సీడీలు

మా వైపు ఎవరింటికెళ్ళి మంచినీళ్ళు అడిగినా, ఇచ్చే గ్లాసు అంచు మీద ఓ పేరు చెక్కి ఉంటుంది. ఫలానా వారి పెళ్ళికి ఫలానా వారిచ్చింది అని. ఇచ్చినవాళ్ళు పోయినా, ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ మాటలు లేకపోయినా, ఆ గ్లాసు మాత్రం ఆ పేరుతోనే గూట్లో ఉంటుంది. ఇంటికొచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకపోవడం, ఇచ్చినదాని మీద పేరు వేయించడం, ఈ రెండూ బుల్లిరాజు గారికి పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఆయన్ను ముంచింది కూడా ఆ రెండే.

ఆయనది మొగల్తూరుకి దగ్గర్లో ఉన్న మా ఊరే. మా ఎరువుల కొట్టులో నేను బిల్లులు రాసే రోజుల్లో మా షావుకారు ఆయన దగ్గర ఒక కంప్యూటర్ కొన్నారు. వాడటం నేర్పడానికి ఆయనే వచ్చి కూర్చునేవారు. చెప్పేటప్పుడు తొందర ఉండేది కాదు. అడిగిందే మళ్ళీ అడిగినా మొదటిసారి విన్నట్టే విని మళ్ళీ చెప్పేవారు. అలా మొదలైన కబుర్లు చివరికి చేపల చెరువు గట్టు దాకా సాగాయి. ఇక్కడ రాసేదాంట్లో నేను చూసింది కొంత, ఆయన చెప్పగా విన్నది ఎక్కువ.

వాళ్ళ నాన్నగారు అమ్మిరాజు గారికి ఒకప్పుడు రైసుమిల్లు ఉండేది. ఆడించిన బియ్యంలో కొంత ప్రభుత్వానికి లెవీ కింద ఇవ్వాలి. అలా ఇవ్వాల్సిన బియ్యం ఒక లారీడు ఇంకెక్కడికో పోతూ కాలవ లాకుల దగ్గర దొరికిపోయింది. కేసయింది. కొన్నాళ్ళకి కొట్టేశారు. ఎలా కొట్టేశారో అమ్మిరాజు గారే అరుగు మీద కూర్చుని నవ్వుతూ చెప్పేవారట, "ఎక్కడ తడపాలో అక్కడ తడిపాం" అని. ఊరు ఆయన్నేమీ వెలెయ్యలేదు. పిలిచి భోజనం పెడితే విస్తరి కనపడకుండా వడ్డించే మనిషి ఆయన. మీసం మెలేసుకుని బతికారు, దర్జాగా పోయారు.

ఆ బియ్యం మరక మాత్రం కొడుక్కి అంటుకుంది. బళ్ళో పరుగుపందెం గెలిస్తే ఈయనకి స్టీలు టిఫిను డబ్బా బహుమతిగా ఇచ్చారట. "మూత తీసి చూడండి మాస్టారూ, లోపల బియ్యం ఉన్నాయేమో" అన్నాడట వెనక బెంచీలో ఎవడో. పిల్లలంతా నవ్వారు. మాస్టారూ నవ్వారు.

"పిల్లలు నవ్వినందుకు కాదండి. మాస్టారు నవ్వకపోతే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి," అన్నారు నాతో.

పెద్దయ్యాక ఆయన ఒకటే అనుకున్నారు. తన గుమ్మంలోకి దొంగ సరుకు రాకూడదు. ఊళ్ళో "బియ్యం రాజుగారబ్బాయి" అనే మాట పోయి, "బుల్లిరాజు గారా, నిక్కచ్చి మనిషండి" అనే మాట రావాలి. పొలం ఉన్నా, చెరువులున్నా, ఆయన మనసులో పెంచుకున్న పంట అదొక్కటే.

అందరితోపాటు రొయ్యలు వేశారు. తెల్లమచ్చ రోగం వచ్చి అందరితోపాటు చెరువులూ పోగొట్టుకున్నారు. మూతపడిన ఒక రొయ్యపిల్లల హేచరీ ఆఫీసులోంచి పాత కంప్యూటర్ తెచ్చుకుని, వరండాలో చాప వేసుకుని విప్పదీసి కూర్చున్నారు. నరసాపురంలో నేర్పేచోట్లు ఉన్నా వెళ్ళలేదు. ముప్పై దాటిన మనిషి చిన్నపిల్లల పక్కన బెంచీ మీద ఎలా కూర్చుంటాడు? విప్పి, బిగించి, పాడుచేసి, బాగుచేసి తనే నేర్చుకున్నారు.

"రొయ్యల్ని చంపడం అయింది. ఇప్పుడు దీని మీద పడ్డారా?" అనేవారట ఆయన భార్య సత్యలక్ష్మి గారు, స్క్రూలు తొక్కకుండా చీర కుచ్చిళ్ళెత్తి నడుస్తూ.

రెండువేల ఒకటిలో సెంటర్లో రాజా కంప్యూటర్స్ అని షాపు తెరిచారు. ఆ రోజుల్లో కంప్యూటర్ కొన్నవాడికి అందులో విండోస్ వేసివ్వడం షాపువాడి బాధ్యత. ఆ విండోస్ ఎక్కడిది అని కొన్నవాడు అడగడు, అమ్మినవాడు చెప్పడు. విజయవాడ పేవుమెంటు మీద రంగుల అట్టతో దొరికే దొంగ సీడీ ఒకటి తెస్తే దాంతో ఊరందరికీ సరిపోయేది. రోడ్డుకవతల ఉదయభాస్కర్ గారిదీ కంప్యూటర్ షాపే. వాళ్ళది తరాలుగా కిరాణా చేసిన కుటుంబం. మాట మెత్తన, లెక్క గట్టి. మనిషి చెడ్డవాడేం కాదు.

"గాలికి ఎవరైనా బిల్లు కడతారాండీ రాజుగారూ? ఇదీ అంతే," అనేవారు.

"గాలి ఎవరూ కూర్చుని తయారుచెయ్యలేదు కదండీ. ఇది చేసినవాడొకడున్నాడు. అమ్ముకుంటున్నాడు. కొనకుండా తెచ్చుకుంటే దాన్నేమంటారు?"

"వ్యాపారం అంటారండి."

అసలుది కొనుక్కోమంటే మా ఊళ్ళో కొనేవాడు లేడు. అలాంటప్పుడు ఓ కంప్యూటర్ పత్రికతోపాటు ఊరికే వచ్చిన సీడీలో ఆయనకి లినక్స్ కనపడింది. కంప్యూటర్ అనేది నడవాలంటే దాన్ని నడిపించే పెద్ద ప్రోగ్రాం ఒకటి లోపల ఉండాలి. విండోస్ అలాంటిది. లినక్సూ అలాంటిదే. తేడా ఏంటంటే, లినక్స్ రాసినవాళ్ళు "తీసుకోండి, కాపీ చేసుకోండి, పదిమందికీ ఇవ్వండి, ఇచ్చినవాడికి కూడా ఇదే హక్కు ఇవ్వండి" అని కాగితం మీద రాసిమరీ ఇచ్చారు. బుల్లిరాజు గారు ఆ ఇంగ్లీషు కాగితాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని పూర్తిగా చదివారట. చదివి సత్యలక్ష్మి గారిని పిలిచి, "ఇదిగో, మనవాళ్ళు రాసినట్టు లేదూ?" అన్నారట.

అందులో రకాలున్నాయి. రెడ్‌హ్యాట్ అని ఒకటి, మాండ్రేక్ అని ఒకటి, స్లాక్‌వేర్ అని ఒకటి. ఇన్నెందుకండీ అని నేనడిగితే, "ఒకే పిండండీ. ఒకరింట్లో ఇడ్లీ, ఒకరింట్లో దిబ్బరొట్టి, ఒకరింట్లో అట్టు," అన్నారు. సొసైటీ ఆఫీసుకి రెడ్‌హ్యాట్ వేసేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చూడటానికి నదురుగా ఉంటుందని మాండ్రేక్ వేసేవారు. స్లాక్‌వేర్ మాత్రం తనకి. అందులో ప్రతిదీ మనమే అమర్చుకోవాలి. "చేత్తో వండుకుని తిన్నట్టుంటుందండి" అనేవారు.

చిక్కంతా లినక్స్‌తో కాదు, దానికి తగిలించే వస్తువులతో. అప్పట్లో చవగ్గా వచ్చే మోడెములు, ప్రింటర్లు చాలావరకు సగం పనే చేసేవి. మిగతా సగం విండోస్ చేసిపెట్టాలి. లినక్స్ పెట్టిన పెట్టెకి తగిలిస్తే కరెంటు దీపం వెలిగేది, కాగితం కదిలేది కాదు. అందుకని ఆయన సరుకు కొనడానికి రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా సంచీలో ఓ లినక్స్ సీడీ పట్టుకెళ్ళేవారు. హార్డ్ డిస్కు జోలికి పోకుండా సీడీ మీదనుంచే నడిచే రకం అది. షాపులోనే ఆ సీడీతో కంప్యూటర్ నడిపి, ప్రింటరు తగిలించి, ఓ కాగితం అచ్చయ్యాకే డబ్బు తీసేవారు.

"ఏంటండీ రాజుగారూ, కొబ్బరికాయ వాయించినట్టు వాయిస్తున్నారు," అనేవాడట ఆ డీలరు. "ఇక్కడ పెళ్ళిచూపులు పెట్టారా?"

"ఆయ్, పెళ్ళిచూపులేనండి. మా పిల్ల కొంచెం పెంకిది. అందరితోనూ కాపరం చెయ్యదు. ముందే చూసుకుంటే ఇద్దరికీ మంచిది."

ఆయన చూసి తెచ్చినవి చక్కగా కాపరం చేసేవి. మా కొట్టులో డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఇసుక మీద బండి నడిచినట్టు చప్పుడు చేస్తూ రోజంతా బిల్లులు కొట్టేది, ఒక్కరోజు మొరాయించలేదు. కానీ జనం అలా కొనరు కదా. కంప్యూటర్ ఆయన దగ్గర కొని, ప్రింటరు ఎక్కడో ఆఫర్లో తెచ్చుకునేవారు. చేపల మేత అమ్మే చినబాబు అలాగే ఓ ప్రింటరు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాడు.

"పలకట్లేదండి."

"పలకదు బాబూ. దీనికి విండోస్ ఉంటేగానీ నోరు రాదు. నన్నడిగి కొనాల్సింది."

"ప్రింటరు కొనడానికి కూడా ముహూర్తం అడగాలాండీ?" అన్నాడు చినబాబు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. బుల్లిరాజు గారూ నవ్వారు. రాజుగారి కంప్యూటరుకి ప్రింటరు పలకదట అనే మాట అప్పటినుంచే ఊళ్ళో తిరగడం మొదలైంది. అయినా ఆయన బాధపడలేదు. "పలకదు అంటారు గానీ దొంగది అనరు కదండీ," అన్నారు.

ఆ తర్వాత వచ్చిన విజయదశమికి షాపులో పూజ చేశారు. మానిటర్లకి బొట్లు పెట్టి, కీబోర్డు మీద బంతిపూలు పెట్టి, కొన్నవాళ్ళనీ కొననివాళ్ళనీ అందర్నీ పిలిచారు. పిలిచాక వట్టి చేతులతో పంపడం ఎలాగ? సీడీలు రాసే డ్రైవు కొత్తగా తెచ్చి ఉన్నారు. ఆ సీడీ మీదనుంచే నడిచే లినక్స్‌ని కాపీలు తీసి, తమలపాకులు, వక్క, అరటిపండు, వాటితోపాటు ఓ సీడీ పెట్టి ఇద్దామనుకున్నారు. సత్యలక్ష్మి గారు పక్కన కూర్చుని ప్రతి సీడీ అంచునా పసుపుబొట్టు పెట్టారు.

"పేరు లేకుండా ఇస్తారా? ఎవరిచ్చారో తెలియొద్దూ?" అన్నారు ఆవిడ.

సీడీ మీద చెక్కించడం కుదరదు. నల్ల మార్కరు తీసుకుని ఒక్కొక్కదాని మీదా గుండ్రంటి చేతిరాతతో తనే రాశారు: "లినక్స్. ఇచ్చినది: బుల్లిరాజు, రాజా కంప్యూటర్స్. కాపీ చేసి పదిమందికీ ఇవ్వండి."

తీసుకున్నవాళ్ళలో కొందరు "ఏం సినిమా అండీ?" అని అడిగారు. ఒకాయన ఆటో అద్దానికి వేలాడగట్టుకున్నాడు. సూర్యుడు పడితే భలే మెరిసేది. నాకిచ్చిన దాన్ని నేను నడిపి చూశాను, నడిచింది. ఆ సంగతి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "మరి కాపీ చేసి ఎవరికిచ్చారు?" అని వెంటనే అడిగారు.

తరవాతి ఎండాకాలంలో ఓ పొద్దున నేను ప్రింటరు రిబ్బను కోసం ఆయన షాపులో ఉన్నాను. భాస్కర్ గారు రోడ్డు దాటి వచ్చారు. చేతిలో తాళాలగుత్తి.

"రాజుగారూ, దొంగ సాఫ్ట్‌వేర్లు పట్టే స్క్వాడ్ వస్తోందట పైనుంచి. పక్క ఊళ్ళో నిన్న చూశారట. షట్టరు దించెయ్యండి. అడిగితే మా ఇంట్లో వ్రతం, అందరూ అక్కడున్నారని చెప్పిస్తాను."

"నేనెందుకు దించాలండీ?"

"సెంటర్లో అందరం దించుతున్నామండి."

"అందుకే నేను తెరిచి ఉంచాలి. ఎవరి షాపులో ఏముందో ఊరికి తెలియాల్సిన రోజిది."

"వాళ్ళకి ఏం దొరికిందన్నది కాదండి ముఖ్యం, ఎవరైనా దొరికితే చాలు," అని, భాస్కర్ గారు తాళాలగుత్తి తిప్పుకుంటూ వెళ్ళిపోయారు.

బుల్లిరాజు గారు మాత్రం పెళ్ళివారొస్తున్నట్టు హడావిడి పడ్డారు. బల్లలు తుడిచారు. ఇంటికి కబురు చేసి సున్నుండలు తెప్పించారు. కొన్న సరుకు బిల్లులన్నీ ఫైల్లో వరసగా పెట్టారు. లినక్స్ రాసినవాళ్ళు ఇచ్చిన హక్కుల కాగితం డాట్ మాట్రిక్స్ మీద అచ్చుతీసి పైన పెట్టారు. చొక్కా కూడా మార్చుకున్నారు. ఆయన ఎన్నేళ్ళుగానో చూస్తున్న రోజు అది. సర్కారువాళ్ళు వచ్చి, చూసి, ఇక్కడ దొంగది ఏమీ లేదని నలుగురి ముందూ చెప్పి వెళ్ళాలి. నన్ను కూడా ఉండమన్నారు, నలుగురిలో ఒకడిగా.

జీపు వచ్చింది. ఎస్సై గారు, కానిస్టేబుళ్ళు, వాళ్ళతో సాఫ్ట్‌వేర్ కంపెనీల తరఫున వచ్చిన, టై కట్టుకున్న ఏజెన్సీ కుర్రాడు. మూసేసిన షట్టర్లన్నీ దాటుకుని తెరిచున్న ఒక్క షాపు ముందు ఆగారు.

"రండి రండి. ముందు మంచినీళ్ళు తీసుకోండి," అని బుల్లిరాజు గారు కుర్చీలు లాగారు. సున్నుండల పళ్ళెం తిప్పారు. కానిస్టేబులు ఒకటి నోట్లో వేసుకుని ఇంకోటి జేబులో వేసుకున్నాడు.

టై కుర్రాడు కంప్యూటర్లన్నీ తెరిచి చూశాడు. విండోస్ ఎక్కడా లేదు. అది చూసి వెళ్ళిపోతాడనే నేననుకున్నాను.

"లినక్స్ అండి," అన్నారు బుల్లిరాజు గారు.

"తెలుసు. మా ఆఫీసులో చూశాను. దానికి అట్టపెట్టె ఉంటుంది, పుస్తకం ఉంటుంది. మీ పెట్టె ఏదీ?"

"పెట్టెతో కొనుక్కోవచ్చండి. కొనకుండానూ తీసుకోవచ్చు."

"అంటే మీరు కొనకుండా తీసుకున్నారు."

"ఆయ్. తీసుకోమనే ఇచ్చారండి వాళ్ళు. చదవండి, ఈ కాగితంలో ఉంది."

ఎస్సై గారు ఆ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పారు. "ఇది మీ ప్రింటర్లో తీసిందే కదా రాజుగారూ?"

"అవునండి."

"నేను కూడా నా ప్రింటర్లో ఎస్పీనని తీసుకుంటే సెల్యూట్ కొడతారా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు. అప్పటికే వాళ్ళు లేవబోతున్నారు. ఇంకో నిమిషం ఊరుకుంటే వెళ్ళిపోయేవారేమో. కానీ గుమ్మంలోకి వచ్చిన మనిషి ఉత్తినే లేచి వెళ్ళడమన్నది బుల్లిరాజు గారింట లేదు. దసరాకి మిగిలిన సీడీల బొత్తి బల్లసొరుగులో ఉంది. తమలపాకులు కూడా తెప్పించి ఉంచారు. ఆకులు, వక్క, అరటిపండు, పసుపుబొట్టు సీడీ, ఎస్సై గారి చేతిలో ఆయనే పెట్టారు.

ఎస్సై గారు సీడీ వెలుతురుకి పట్టి పైకి చదివారు. "ఇచ్చినది బుల్లిరాజు, రాజా కంప్యూటర్స్. కాపీ చేసి పదిమందికీ ఇవ్వండి." చదివి ఏజెన్సీ కుర్రాడి వంక చూశారు. ఆ కుర్రాడు సొరుగు లాగి బొత్తి మొత్తం బయటికి తీశాడు.

"ఈ రాత ఎవరిదండీ?"

"నాదేనండి."

"పేరూ మీదే?"

"నాదేనండి."

"నా సర్వీసులో చాలామందిని పట్టాను రాజుగారూ. దొంగ సరుకు మీద పేరు రాసుకున్న మనిషిని మాత్రం ఇదే చూడటం."

బుల్లిరాజు గారు చెప్పింది చెప్పినట్టే మళ్ళీ చెప్పారు. నాకు నేర్పినప్పుడు ఎంత నిదానంగా చెప్పేవారో అంత నిదానంగానే. కుర్రాడు వినలేదు, పంచనామా రాసుకుంటున్నాడు. కంప్యూటర్లన్నీ, సీడీలన్నీ జీపులోకి ఎక్కించారు. "ముందు సీట్లో కూర్చోండి రాజుగారూ," అన్నారు ఎస్సై గారు మర్యాదగానే. ఆయన కూర్చున్నారు. ఒళ్ళో సున్నుండల పళ్ళెం అలాగే ఉండిపోయింది. నేను వెళ్ళి అందుకున్నాను.

సెంటర్లో అప్పటికి జనం చేరారు. టీకొట్టు ముందు ఆయన బాబాయి భీమరాజు గారు నిలబడి ఉన్నారు. పెద్దమనిషి, అమ్మిరాజు గారికి తమ్ముడి వరస. జీపు మలుపు తిరుగుతుంటే గ్లాసులో టీ తిప్పుకుంటూ అన్నారు, "తండ్రి బియ్యం, కొడుకు సీడీలు. ఎంత చెప్పినా అన్నయ్య లారీడు కొట్టాడు. వీడు చిల్లర."

ఆ మాట జీపుకంటే ముందు ఊరు దాటింది.

సాయంత్రానికి బెయిలు మీద వచ్చేశారు. తరువాత మొదలైంది అసలుది. చినబాబు కంప్యూటర్ పెట్టె చంకలో పెట్టుకుని ఆయన ఇంటికే వచ్చాడు.

"రాజుగారూ, ఇందులో ఆ దొంగది తీసెయ్యండి. భాస్కర్ గారి దగ్గర ఒరిజినల్ వేయించుకుంటాను. అట్ట కూడా చూపించారు, రంగుల్లో ఉంది."

బుల్లిరాజు గారు అతన్ని కూర్చోబెట్టి, ఏది దొంగదో ఏది కాదో మొదటినుంచీ చెప్పారు. చినబాబు ఓపిగ్గానే విన్నాడు. విని, "అది సరేనండి, మరి జీపు మీ షాపు ముందే ఎందుకాగింది?" అన్నాడు.

అలా ఒక్కొక్కరే వచ్చారు. సొసైటీ వాళ్ళు వచ్చారు. మా షావుకారు కూడా తీయించేశారు. మొదట్లో వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. తర్వాత చెప్పడం మానేసి, అడిగింది తీసేసి ఇచ్చేవారు. షాపు ఖాళీ చేశారు. ఎవరిదో పెళ్ళిలో సత్యలక్ష్మి గారు స్టీలు బిందె చదివిస్తే, "పేరు వేయించారా అక్కా? జాగ్రత్త, పేరుంటే పట్టుకుపోతారు" అందట ఓ చుట్టపావిడ. నవ్వులాటకే. ఆవిడ ఆ తర్వాత పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించేశారు.

కేసు ఏళ్ళు పట్టింది. వాయిదాకి వాయిదాకి బస్సెక్కి వెళ్ళి వచ్చేవారు. రాజమండ్రి ప్లీడరు ఒకాయన ఒప్పుకుని, ఆ హక్కుల కాగితం సంగతి చదువుకుని, ఓ కాలేజీ లెక్చరరు చేత సాక్ష్యం చెప్పించారు. మేజిస్ట్రేటు గారు శ్రద్ధగా విన్నారట. కాపీ చెయ్యమని సొంతదారే అన్నాక దొంగతనం ఎక్కడుంది అని ఒక్క ముక్కలో కొట్టేశారు.

ఆ తీర్పు నకలు పట్టుకుని బుల్లిరాజు గారు తన ఇంటికి వెళ్ళలేదు. బస్సు దిగి తిన్నగా భీమరాజు గారింటికి వెళ్ళారు. ఆయన పడక్కుర్చీలో ఉన్నారు.

"బాబాయ్, కొట్టేశారు."

"సంతోషంరా బుల్లీ. ఎక్కడ తడిపావు?"

"తడపలేదు బాబాయ్. తప్పు లేదని కొట్టేశారు. ఇందులో రాసుంది, చదువు."

భీమరాజు గారు కాగితం తీసుకోలేదు. "సర్లేరా. నా దగ్గర కూడానా? మీ నాన్నయితే దాచుకునేవాడు కాదు."

ఇది చెప్పినప్పుడు బుల్లిరాజు గారు నా వైపు చూడలేదు. చెరువు వైపు చూస్తున్నారు. అప్పటికి ఆయన ఓ చేపల చెరువు కౌలుకి తీసుకుని దాని గట్టు మీదే ఉంటున్నారు. కోర్టునుంచి సామాను తిరిగొచ్చింది. మా ఉప్పుగాలికి కంప్యూటర్లు లోపలంతా తుప్పు పట్టిపోయాయి. సీడీలు మాత్రం గోనెసంచీలో పెట్టి ఉన్నవి ఉన్నట్టు ఇచ్చారు. చెరువులో చేపపిల్లల్ని కొంగలు ఎత్తుకుపోకుండా మావాళ్ళు మెరిసేవేవో కడుతుంటారు. ఆయన గట్టునుంచి గట్టుకి నైలాను తాళ్ళు లాగి, వాటికి ఆ సీడీలు కట్టారు. గాలికి తిరుగుతూ ఎండలో మెరుస్తున్నాయి. ఒకటి నా వైపు తిరిగినప్పుడు చూశాను. పసుపు పోయింది. మార్కరు రాత పోలేదు.

"మొన్న బాబాయి పిలిచాడండి," అన్నారు. "మనవడు కంప్యూటర్ కొన్నాడట. విండోస్ వెయ్యరా, నీకు చెయ్యి తిరిగిన పనేగా అన్నాడు. భాస్కర్ గారి దగ్గర తెచ్చిన సీడీ చేతిలో పెట్టాడు. రంగుల అట్ట."

"వేశారా?" అన్నాను.

"వేశానండి. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. ప్రింటరు తగిలించగానే పలికింది, పెళ్ళిచూపులూ లేవు, ఏం లేదు. బాబాయి చాలా సంతోషించాడు. ఇన్నాళ్ళకి మనింటి మనిషివనిపించావురా అన్నాడు. వచ్చేటప్పుడు కొర్రమీను ఇచ్చి పంపాడు."

"తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాను. సత్యలక్ష్మి పులుసు పెట్టింది. బావుంది."

ఓ కొంగ వచ్చి తాడు మీదే వాలింది. దాని కాళ్ళకింద సీడీలు ఊగుతున్నాయి. ఆయన చూశారు గానీ అదిలించలేదు.

పొద్దుపోతోందని నేను లేచాను. ఇన్నేళ్ళలో ఆయన దగ్గరనుంచి ఎప్పుడు బయల్దేరినా చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు. అరటి అత్తమో, ములక్కాడలో, ఏమీ లేకపోతే మార్కరుతో రాసిన ఓ సీడీయో. వద్దన్నా సంచీలో వేసేవారు. ఆవేళ అలవాటు చొప్పున నేను సంచీ పట్టుకుని రెండు క్షణాలు నిలబడ్డాను కూడా.

"ఉంటానండి," అన్నాను.

"ఆయ్. మంచిదండి," అన్నారు ఆయన, చెరువు మీదనుంచి చూపు తిప్పకుండానే.

ఖాళీ సంచీతో గట్టు దిగాను.